యాక్టివ్ టోన్ కంట్రోల్ ఇంట్లోనే కట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం, కర్నూలు, కడప వైపు ఆంప్లిఫయర్ బోర్డు కొని డబ్బాలో పెట్టుకుని, "పాట వస్తోంది కానీ బేస్, ట్రెబుల్ లేవన్నా" అని అడిగేవాళ్లు చాలామంది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. ఐసీ (కాళ్లున్న చిన్న నల్ల చిప్) నంబర్ మీద పడే టెన్షన్‌లో సగం పవర్ సప్లై మీద, గ్రౌండ్ వైరింగ్ మీద పెడితే మొదటిసారికే మంచి బోర్డు వస్తుంది. కింద ఆ రెండింటికీ ఎక్కువ చోటు ఇచ్చింది అందుకే.

యాక్టివ్ అంటే ఏమిటి? పాత సెట్లలో ఉండే బేస్, ట్రెబుల్ కంట్రోల్‌కీ దీనికీ తేడా ఏమిటి?

పాత రకంలో రెసిస్టర్లు, కెపాసిటర్లు, రెండు పాట్‌లు (నాబ్‌తో తిప్పే రెసిస్టర్లు) మాత్రమే ఉంటాయి. అవి సిగ్నల్‌ను తగ్గించగలవు తప్ప పెంచలేవు. అందుకని ముందే మొత్తం సిగ్నల్‌ను పదో వంతుకు, అంటే 20 డెసిబెల్స్ దాకా దించేసి, బేస్ తిప్పినప్పుడు అక్కడ తక్కువ దించుతాయి. మనకు బేస్ పెరిగినట్టు వినిపిస్తుంది. పోయిన ఆ పది రెట్లను మళ్లీ వేరే స్టేజీ పెట్టి తెచ్చుకోవాలి, దాంతోపాటు గురగుర కూడా వస్తుంది.

యాక్టివ్ రకంలో ఆ పాట్‌లు ఐసీ ఫీడ్‌బ్యాక్ దారిలో, అంటే అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు తిరిగొచ్చే దారిలో కూర్చుంటాయి. పీటర్ బాక్సండాల్ అనే ఇంగ్లండ్ ఇంజనీరు 1952 అక్టోబర్‌లో వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో ఈ పద్ధతి ప్రచురించాడు. అప్పట్లో వాల్వులతో చేశారు, ఇప్పుడు ఎనిమిది కాళ్ల ఐసీతో చేస్తున్నాం. నాబ్ సరిగ్గా మధ్యలో ఉంటే ఇన్‌పుట్ వైపు ఎంత ఉందో ఫీడ్‌బ్యాక్ వైపూ అంతే ఉంటుంది కాబట్టి వచ్చిన సిగ్నల్ వచ్చినట్టే బయటికి పోతుంది. కుడికి తిప్పితే పెరుగుతుంది, ఎడమకు తిప్పితే సరిగ్గా అంతే తగ్గుతుంది. పైగా మామూలు లీనియర్ (తిప్పినంత మేరకే విలువ మారే) పాట్ చాలు.

దీనికి ఎలక్ట్రానిక్స్ చదివి ఉండాలా?

అక్కర్లేదు. సోల్డరింగ్ నీట్‌గా చేయడం, మల్టీమీటర్‌తో వోల్టేజి చూడడం వస్తే చాలు.

సర్క్యూట్ బొమ్మ చూసి అర్థం చేసుకోలేను. మాటల్లో చెప్తారా?

చెప్తాను, కాగితం పెన్ను పెట్టుకోండి. ఇది ఒక ఛానల్‌కు. స్టీరియో కావాలంటే ఇదే ఇంకొకటి.

ఐసీ లోపల రెండు ఆంప్లిఫయర్లు ఉంటాయి. గాటు పైకి వచ్చేలా పెట్టుకుంటే ఎడమ వరస పైనుంచి కిందికి 1, 2, 3, 4. కుడి వరస కిందినుంచి పైకి 5, 6, 7, 8. ఎనిమిదో కాలికి ప్లస్ 12, నాలుగో కాలికి మైనస్ 12. ఈ రెండు కాళ్ల నుంచి గ్రౌండ్‌కు ఒక్కొక్క 104 (0.1 మైక్రోఫారడ్) కెపాసిటర్, ఐసీకి ఆనుకుని వేయాలి. బోర్డు చివర ఖాళీ ఉంది కదా అని అక్కడ వేస్తే వేసినట్టు కాదు.

ఇన్‌పుట్ సాకెట్ నుంచి 1కె (కె అంటే కిలో ఓమ్స్) రెసిస్టర్, దాని అవతలి కొన నుంచి గ్రౌండ్‌కు 470 పికోఫారడ్. అక్కడినుంచి వాల్యూమ్ పాట్ పై కొనకు, అది 50కె లాగ్, దాని కింది కొన గ్రౌండ్‌కు. వాల్యూమ్ మధ్య కాలు నుంచి 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ద్వారా ఐసీ మూడో కాలికి. మూడో కాలి నుంచి గ్రౌండ్‌కు 100కె. ఒకటో కాలు, రెండో కాలు కలిపేయండి. ఇది బఫర్. సిగ్నల్‌ను పెంచదు, కానీ ఫోన్ పెట్టినా టీవీ పెట్టినా, వాల్యూమ్ ఎక్కడున్నా వెనకాల టోన్ స్టేజీకి ఒకేలా అందిస్తుంది. ఇది మిగల్చుకుందామని చూసేవాళ్లు ఉంటారు. ఇది లేకపోతే వాల్యూమ్ తిప్పినప్పుడల్లా బేస్, ట్రెబుల్ కూడా మారిపోతాయి.

ఒకటో కాలి నుంచి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్. దాని అవతలి కొనను ఏ అందాం. ఏడో కాలిని బి అందాం. ఐదో కాలు నేరుగా గ్రౌండ్‌కు.

బేస్: ఏ నుంచి 22కె, తర్వాత 100కె లీనియర్ పాట్, దాని అవతలి కొన నుంచి ఇంకో 22కె, అది బికి. పాట్ మధ్య కాలు నుంచి రెండు కొనలకూ ఒక్కొక్క 0.022 మైక్రోఫారడ్, అంటే 223. మధ్య కాలు నుంచే 10కె రెసిస్టర్ ఆరో కాలికి.

ట్రెబుల్: ఏ నుంచి 8.2కె, తర్వాత 470కె లీనియర్ పాట్, తర్వాత ఇంకో 8.2కె, అది బికి. ఈ పాట్ మధ్య కాలు నుంచి 222 కెపాసిటర్ ఆరో కాలికి. 470కె దొరక్కపోతే 500కె వేయండి, తేడా తెలియదు.

ఆరు, ఏడు కాళ్ల మధ్య 22 పికోఫారడ్. ఏడో కాలి నుంచి 10 మైక్రోఫారడ్, దాని తర్వాత 100 ఓమ్స్, అదే అవుట్‌పుట్. అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు 100కె. అంతే.

మిగతా చోట్ల 10కె, 473 అని కనిపిస్తాయి. మీరు 22కె, 223 ఎందుకు చెప్తున్నారు?

10కె పెడితే బేస్ 20 డెసిబెల్స్ దాకా లేస్తుంది. లెక్క తేలికే: పాట్ విలువను చివరి రెసిస్టర్‌తో భాగించి ఒకటి కలపండి. 100కెను 10కెతో భాగిస్తే పది, ఒకటి కలిపితే పదకొండు రెట్లు. 22కె పెడితే ఐదున్నర రెట్లు, అంటే సుమారు 15 డెసిబెల్స్. నా అభిప్రాయంలో ఇంటికి ఇదే ఎక్కువ.

ఎందుకంటే వోల్టేజి ఐదున్నర రెట్లు పెరిగితే పవర్ ముప్పై రెట్లు కావాలి. మీ గదిలో పాట వినడానికి సగటున ఒక వాట్ సరిపోతోంది అనుకోండి. బేస్ పూర్తిగా తిప్పితే ఆ కింది స్వరాలకు 30 వాట్స్ కావాలి. టీడీఏ2030 (చిన్న పవర్ ఆంప్లిఫయర్ ఐసీ) బోర్డు దగ్గర అంత ఎక్కడిది? అది కోసేసిన శబ్దం ఇస్తుంది, మనం స్పీకర్ బాగాలేదు అంటాం. 20 డెసిబెల్స్ అయితే వంద రెట్లు కావాలి. ఆరంగుళాల స్పీకర్ కోన్ ఎదురుగా కూర్చుని చూడండి, బేస్ చివరిదాకా తిప్పినప్పుడు అది ముందుకూ వెనక్కూ ఊగిపోతుంది, పాటలో బేస్ మాత్రం అంతగా పెరగదు.

ఈ విలువలతో బేస్ సుమారు 330 హెర్ట్జ్ కింది నుంచి లేవడం మొదలవుతుంది, 50 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి నాలుగున్నర రెట్లు. ట్రెబుల్ సుమారు 1,400 హెర్ట్జ్ పైనుంచి మొదలై 10 కిలోహెర్ట్జ్ దగ్గర నాలుగు రెట్లు దాటుతుంది. పాడే గొంతు ఎక్కువగా ఈ రెండింటి మధ్య ఉంటుంది కాబట్టి దాని జోలికి పెద్దగా పోదు.

ఏ ఐసీ మంచిది? 4558 చవక రకం అంటున్నారు.

4558, టీఎల్072, ఎన్ఈ5532 మూడింటికీ కాళ్లు ఒకటే. అందుకే ఐసీని నేరుగా సోల్డర్ చేయకుండా ఎనిమిది కాళ్ల ఐసీ బేస్ (ఐసీ కూర్చునే సాకెట్) వేయండి, మార్చి మార్చి వినొచ్చు. వింటే మీకే తెలుస్తుంది, ఫోన్ నుంచి వచ్చే పాటకు తేడా పట్టుకోవడం కష్టం.

కాగితం మీద చూస్తే ఎన్ఈ5532లో బుస్సుమనే నాయిస్ తక్కువ, బరువైన లోడ్‌ను లాగుతుంది, కానీ కరెంట్ ఎక్కువ తింటుంది, ఒక్క ఐసీకే సుమారు 8 మిల్లీ ఆంప్స్. టీఎల్072 ఇన్‌పుట్‌లో కరెంట్ దాదాపు తీసుకోదు కాబట్టి పాట్‌లు తిప్పినప్పుడు గరగర తక్కువ. మొదటిసారి కట్టేవాళ్లకు నేను టీఎల్072 చెప్తాను. మార్కెట్లో పేరు చెరిపి 5532 అని ముద్రేసిన నకిలీలు తిరుగుతుంటాయి, ఆ నంబర్ కోసం ఎగబడితేనే అవి చేతికొచ్చేది.

పాట్ మీద బీ100కె, ఏ100కె అని రెండు రకాలున్నాయి. ఏది తీసుకోవాలి?

బేస్, ట్రెబుల్‌కు బీ, అంటే లీనియర్. వాల్యూమ్‌కు ఏ, అంటే లాగ్. బేస్‌కు ఏ రకం వేస్తే పాడవదు, కానీ నాబ్ మధ్యలో ఉన్నప్పుడు సిగ్నల్ సమంగా ఉండదు. ఒకవైపు చాలాసేపు ఏమీ జరగదు, చివర్లో ఒక్కసారిగా అంతా జరుగుతుంది.

స్టీరియోకు డబల్ గ్యాంగ్ (ఒకే నాబ్‌కు రెండు పాట్‌లు) అడగండి, ఆరు కాళ్లుంటాయి. కొనేటప్పుడే మీటర్ పెట్టి రెండు గ్యాంగ్‌లూ మధ్యలో దగ్గరదగ్గరగా చూపిస్తున్నాయో లేదో చూసుకోండి. షాపతను విసుక్కుంటాడు, పర్వాలేదు. రెండింటి మధ్య తేడా ఉంటే పాడే మనిషి గొంతు ఒక పక్కకు జరిగినట్టు ఉంటుంది. డబ్బు పెట్టాల్సింది ఇక్కడ, ఐసీలో కాదు.

కెపాసిటర్లు బిళ్ల రకం వేయొచ్చా?

సప్లై దగ్గర 104కు బిళ్ల రకం సెరామిక్ బాగుంటుంది. 223, 222 మాత్రం పాలియెస్టర్ వేయండి, పచ్చగానో గోధుమ రంగులోనో మెరుస్తూ ఉంటాయి. పెద్ద విలువ ఉన్న సెరామిక్ కెపాసిటర్ విలువ దాని మీద పడే వోల్టేజిని బట్టి, వేడిని బట్టి మారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన వైపు రేకుల గదిలో డబ్బా లోపల వేడి ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. అదే కారణంతో ఎలక్ట్రోలిటిక్‌లు 85 డిగ్రీలవి కాకుండా 105 డిగ్రీలవి అడగండి, అది పక్కనే రాసి ఉంటుంది. 22 పికో, 470 పికోలకు సెరామిక్ చాలు.

నంబర్ చదవడం: మొదటి రెండు అంకెలు అలాగే, మూడోది సున్నాల లెక్క, వచ్చేది పికోఫారడ్స్. 223 అంటే 22,000 పికో, అంటే 0.022 మైక్రో.

సామాన్లు ఎక్కడ దొరుకుతాయి?

మూడు ఊళ్లలోనూ టీవీ, రేడియో స్పేర్ పార్ట్స్ అమ్మే పాత షాపుల్లో ఎక్కువ శాతం దొరుకుతాయి. డబల్ గ్యాంగ్ 470కె లీనియర్, పాలియెస్టర్ కెపాసిటర్లు, 8.2కె లాంటివే ఒక్కోసారి ఉండవు. 8.2కె లేకపోతే 3.3కె, 4.7కె వరసగా కలిపితే 8కె వస్తుంది, అది చాలు. అనంతపురం వాళ్లు బెంగళూరు ఎస్పీ రోడ్డుకు, కర్నూలు వాళ్లు హైదరాబాద్ కోఠికి, కడప వాళ్లు చెన్నై రిచీ స్ట్రీట్‌కు ఎటూ ఏదో పని మీద పోతుంటారు, అప్పుడు చీటీ రాసిచ్చి తెప్పించుకోండి. దీని కోసమే చార్జీ పెట్టుకుని వెళ్లడం దండగ.

పవర్ సప్లై ఎలా? 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ చాలంటున్నారు.

టౌన్‌లో చాలు. పల్లెల్లో చాలదు, కారణం చెప్తాను.

12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్ట్‌ల దగ్గర డయోడ్‌ల తర్వాత ఒక్కో వైపు సుమారు 16 వోల్ట్స్ ఇస్తుంది. 7812 రెగ్యులేటర్ నిలకడగా 12 ఇవ్వాలంటే దానికి కనీసం 14 అందాలి. ఇప్పుడు మోటార్ల టైంలో ఊళ్లో కరెంట్ 180కి పడిందనుకోండి. ఆ 16 కాస్తా పన్నెండున్నరకు దిగుతుంది. రెగ్యులేటర్ చేతులెత్తేస్తుంది, సప్లైలో ఉన్న అల అంతా పాటలోకి వస్తుంది. "పగలు బానే ఉంది, రాత్రి మోటార్లేస్తే గుర్రుమంటోంది" అని చెప్పేవాళ్ల సమస్య చాలావరకు ఇదే. దానికి ఐసీ మార్చి లాభం లేదు.

15-0-15, 500 మిల్లీ ఆంప్స్ తీసుకోండి. 180 వోల్ట్‌ల దగ్గర కూడా పదిహేను పైనే అందుతుంది. నాలుగు 1ఎన్4007లతో బ్రిడ్జ్, రెండు వైపులా 1000 మైక్రోఫారడ్ 35 వోల్ట్స్. 25 వోల్ట్స్‌వి వద్దు, లోడ్ లేనప్పుడు వోల్టేజి అంచుకొస్తుంది. తర్వాత 7812, 7912, ఒక్కోదాని ముందూ వెనకా 104, వెనక 100 మైక్రోఫారడ్. ఈ బోర్డు తాగే కరెంట్ చాలా తక్కువ, హీట్ సింక్ అక్కర్లేదు.

ఇక్కడ చాలామంది దెబ్బతినే చోటు ఒకటుంది. 7812, 7912 చూడ్డానికి ఒకటే, కాళ్లు వేరు. అక్షరాలు మనవైపు ఉంచి ఎడమనుంచి చూస్తే 7812కు ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్. 7912కు గ్రౌండ్, ఇన్‌పుట్, అవుట్‌పుట్. పైగా 7912 వెనక రేకు ఇన్‌పుట్‌కు కలిసి ఉంటుంది, గ్రౌండ్‌కు కాదు. రెండింటినీ ఒకే ఇనుప రేకుకు బోల్ట్ వేస్తే మైనస్ సప్లై నేరుగా షార్ట్.

కరెంట్ వైపు సంగతి: ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో (230 వోల్ట్‌ల వైపు) 250 మిల్లీ ఆంప్స్ ఫ్యూజ్ తప్పకుండా వేయండి, జాయింట్ల మీద స్లీవ్ తొడగండి, ఇనుప డబ్బా అయితే మూడు పిన్నుల వైరుతో ఎర్త్ ఇవ్వండి. పిల్లలున్న ఇంట్లో మూత తీసి ఉంచి పాటలు వినకండి.

నా ఆంప్లిఫయర్‌కు ఇప్పటికే ప్లస్, మైనస్ 30 వోల్ట్స్ సప్లై ఉంది. దాని నుంచే తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. ఒక్కో వైపు 680 ఓమ్స్ 1 వాట్ రెసిస్టర్, తర్వాత గ్రౌండ్‌కు 12 వోల్ట్ల 1 వాట్ జీనర్ (వోల్టేజిని నిలిపే డయోడ్), దాని మీద 100 మైక్రోఫారడ్. రెండు ఐసీలకు ఇది సరిపోతుంది. 7812కు నేరుగా 30 ఇవ్వకండి, తట్టుకునే హద్దు 35, కరెంట్ పెరిగిన రోజు ఆ హద్దు ఎప్పుడు దాటుతుందో తెలియదు.

హమ్ (గుర్రుమనే మోత) వస్తోంది. ఏం చేయాలి?

ముందు ఏ రకమో తేల్చుకోండి. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా హమ్ ఉంటే తప్పు సప్లైలోనో గ్రౌండ్‌లోనో. వాల్యూమ్‌తోపాటు పెరిగితే ఇన్‌పుట్ వైరులో. నాబ్ మీద చెయ్యి పెడితే పోతుందంటే పాట్ ఒంటి మీది రేకుకు గ్రౌండ్ లేదని అర్థం. మూడు పాట్‌ల రేకుల మీద కొంచెం గీకి, ఒకే తీగతో కలిపి, గ్రౌండ్‌కు ఒక్కచోట మాత్రమే ఇవ్వండి.

గ్రౌండ్ వైరింగ్‌లో జనం చేసేది ఏమిటంటే, దగ్గరగా ఉందని ఒకదాని గ్రౌండ్‌ను ఇంకోదానికి, దాన్ని మరోదానికి గొలుసులా కలుపుకుంటూ పోతారు. డ్రిప్ పైపు మధ్యలో ఎవరో పెద్ద వాల్వు తిప్పితే చివరి చెట్టుకు నీళ్లు ఎలా ఊగిసలాడతాయో, స్పీకర్ కరెంట్ పోయే గ్రౌండ్ తీగ మీదే ఇన్‌పుట్ గ్రౌండ్ కూర్చుంటే పాట అలా అవుతుంది. తీగకు ఉండే కొద్దిపాటి రెసిస్టెన్స్ మీద పడే మిల్లీవోల్ట్‌లే మనకు వినపడే హమ్. సప్లై కెపాసిటర్లు రెండూ కలిసే చోటును నడిమి పాయింట్‌గా పెట్టుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ మధ్య వైరు ముందు ఆ కెపాసిటర్ల దగ్గరికి రావాలి. అక్కడినుంచి స్పీకర్ గ్రౌండ్ ఒక తీగ, పవర్ ఆంప్లిఫయర్ ఒక తీగ, టోన్ బోర్డు ఒక తీగ. ఇన్‌పుట్ సాకెట్ గ్రౌండ్ టోన్ బోర్డుకే రావాలి, డబ్బా రేకుకు తగలకూడదు. ఇనుప డబ్బాలో సాకెట్‌కు ప్లాస్టిక్ వాషర్ వేయమనేది అందుకే.

షీల్డ్ వైరు జాలీని ఒకవైపే గ్రౌండ్ చేయండి అనే మాట వింటుంటారు. డబ్బా లోపల, బోర్డుకు వేరే గ్రౌండ్ తీగ ఉన్నప్పుడు అది నిజం. బయట ఫోన్ నుంచి వచ్చే వైరుకు రెండు వైపులా ఉండాల్సిందే, లేకపోతే సిగ్నల్‌కు తిరుగుదారి ఉండదు.

ఇన్ని చేసినా కొంచెం మిగిలితే ట్రాన్స్‌ఫార్మర్‌ను చేత్తో పట్టుకుని డబ్బాలో నెమ్మదిగా తిప్పి చూడండి, వైర్లకు స్లీవ్ ఉంటేనే సుమా. ఒక కోణంలో హమ్ బాగా తగ్గుతుంది. అక్కడే బిగించేయండి.

మాది కడప. పాట లేనప్పుడు రేడియో సన్నగా వినిపిస్తోంది, ఇదేం విడ్డూరం?

విడ్డూరం ఏం లేదు. ఆకాశవాణి మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ దగ్గర్లో ఉంటే మీ ఇన్‌పుట్ వైరే ఏరియల్ అవుతుంది, ఐసీ లోపలి జంక్షన్లు డిటెక్టర్ పని చేస్తాయి. పైన ఇన్‌పుట్ దగ్గర చెప్పిన 1కె, 470 పికో దీని కోసమే. అవి వేసి కూడా వస్తుంటే సాకెట్‌కు ఆనుకుని వేశారా, అడుగు దూరంలో బోర్డు మీద వేశారా చూసుకోండి. పక్కన మొబైల్ పెడితే టకటకమని వచ్చే మోతకు కూడా ఇదే మందు.

నాబ్ తిప్పితే గరగర వస్తోంది.

కొత్త పాట్‌లోనూ వస్తుంటే దాని మీద డీసీ వోల్టేజి పడుతోంది. పాట్ చివరలకూ గ్రౌండ్‌కూ మధ్య మీటర్ పెట్టండి, కొన్ని మిల్లీవోల్ట్‌లకు మించి ఉండకూడదు. ఉంటే దాని ముందున్న కెపాసిటర్ లీక్ అవుతోంది లేదా తిరగేసి వేశారు. కొన్నాళ్లు వాడాక వస్తే అది మన దుమ్ము. కాంటాక్ట్ క్లీనర్ ఒక్క చుక్క కొట్టి ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పండి. కొబ్బరినూనె పోసేవాళ్లున్నారు, వద్దు. దాని మీద దుమ్ము ఇంకా అంటుకుంటుంది.

ఆసిలోస్కోప్ లేదు. సరిగ్గా పనిచేస్తోందని ఎలా చూసుకోవాలి?

ముందు ఐసీ పెట్టకుండా సప్లై ఇచ్చి, ఐసీ బేస్ ఎనిమిదో రంధ్రంలో ప్లస్ 12, నాలుగోదానిలో మైనస్ 12 వచ్చిందా చూడండి. ఆఫ్ చేసి, ఐసీ పెట్టి, మళ్లీ ఆన్ చేసి ఒకటి, ఏడు కాళ్ల మీద డీసీ చూడండి. సున్నాకు దగ్గరగా, వంద మిల్లీవోల్ట్‌ల లోపు ఉండాలి. పది పదకొండు వోల్ట్స్ చూపిస్తే ఎక్కడో ఫీడ్‌బ్యాక్ తెగింది, ఎక్కువగా బేస్ పాట్ జాయింట్‌లో. ఇది సరిచేసేదాకా పవర్ ఆంప్లిఫయర్‌కు కలపొద్దు.

తర్వాత ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ వేసి 100 హెర్ట్జ్ ఇవ్వండి. మీటర్ ఏసీలో పెట్టి, నాబ్‌లు మధ్యలో ఉంచి, వాల్యూమ్‌ను సర్ది అవుట్‌పుట్ 0.1 వోల్ట్‌కు తెచ్చుకోండి. బేస్ పూర్తిగా పెంచితే 0.33 దగ్గరికి రావాలి, పూర్తిగా తగ్గిస్తే 0.03 దగ్గరికి. రెండు ఛానళ్లూ ఒకేలా రావాలి. ట్రెబుల్‌కు ఈ పరీక్ష నడవదు, చవక మీటర్లు కిలోహెర్ట్జ్‌ల దగ్గర తప్పు చూపిస్తాయి. చెవితోనే చూసుకోవాలి. నాబ్ తిరగేసి పనిచేస్తుంటే పాట్ రెండు చివరి వైర్లూ మార్చేయండి, అంతే.

ట్రెబుల్ మధ్యలో ఉన్నా మా హాల్లో చెవులు గుచ్చుకుంటోంది. 222 మార్చాలా?

కింద బండలు, పక్కన సున్నం గోడలు, పైన స్లాబు, సామాను తక్కువ. మన ఇళ్లలో చాలా హాళ్లు ఇలాగే ఉంటాయి. కడప రాయి, బేతంచెర్ల బండ ట్రెబుల్‌ను మింగవు, తిప్పికొడతాయి. ట్రెబుల్ కాస్త తగ్గించుకోవచ్చు, కానీ గదిలో మోగే మోతను ఏ టోన్ కంట్రోలూ తీయలేదు. స్పీకర్ల ఎదురు గోడకు మందపాటి గొర్రెబొచ్చు కంబళి వేలాడదీసి, కింద జంబుఖానా పరిచి మళ్లీ వినండి. ఆ తర్వాత కూడా కావాలంటే 8.2కె రెండింటినీ 12కెకు పెంచండి, ట్రెబుల్ లేచే ఎత్తు తగ్గుతుంది. దానివల్ల మధ్యలో ఉన్నప్పటి శబ్దం మారదు, అది గుర్తుంచుకోండి.

రామాలయంలో భజనకు, మైకుకు ఇదే బోర్డు వాడొచ్చా?

మైకును నేరుగా కలపలేరు, దాని సిగ్నల్ చాలా చిన్నది, ముందు మైక్ ప్రీ ఆంప్ కావాలి. దాని తర్వాత ఇది పెట్టొచ్చు. చిన్న మార్పు చేయండి: మూడో కాలి దగ్గరి 1 మైక్రోఫారడ్ తీసి 153 వేయండి. సుమారు 100 హెర్ట్జ్ కింద అంతా తగ్గుతుంది. మైక్ మీద ఊదిన గాలి, స్టాండ్ తగిలిన దబ్బుమనే చప్పుడు, గుడి లోపలి గుంయ్‌మనే మోత అక్కడే ఉంటాయి, మాటలు ఆ పైన ఉంటాయి. భజన చెక్కలు దగ్గరగా మోగుతుంటే ట్రెబుల్ పెంచకండి, వాటికి సహజంగానే కావాల్సినంత ఉంది. కూత పెట్టడం మొదలైతే ట్రెబుల్ తగ్గించడం కన్నా బాక్సులను మైకు కన్నా ముందుకు, జనం వైపుకు జరపడం మేలు.

ఇంత కష్టపడే బదులు రెడీమేడ్ బేస్ ట్రెబుల్ బోర్డు కొనుక్కోవచ్చు కదా?

కొనుక్కోవచ్చు, తప్పేం లేదు, సామాన్ల ఖర్చు కన్నా చవకే పడుతుంది. కానీ వాటిలో చాలావాటికి బఫర్ ఉండదు, పాట్‌లు నాసిరకం, బేస్ మరీ ఎక్కువ లేచేలా పెడతారు, షాపులో వినిపించినప్పుడు అదే కొనిపిస్తుంది. కొన్నా సరే దాని పాట్‌లు, కెపాసిటర్లు మార్చి, పైన చెప్పిన సప్లై ఇస్తే వేరే బోర్డులా పలుకుతుంది.

మిడ్ కంట్రోల్ కూడా కావాలి.

మొదటిది పనిచేయనివ్వండి. బేస్, ట్రెబుల్ రెండూ ఒకేసారి కొంచెం తగ్గించి వాల్యూమ్ పెంచితే మిడ్ పెరిగినట్టే.

ట్రాక్టర్‌లో, ఆటోలో 12 వోల్ట్స్ బ్యాటరీ ఒక్కటే ఉంటుంది. మైనస్ 12 ఎక్కడినుంచి తేవాలి?

తేనక్కర్లేదు. బ్యాటరీ ప్లస్ నుంచి గ్రౌండ్‌కు రెండు 10కెలు వరసగా వేసి, వాటి మధ్య నుంచి గ్రౌండ్‌కు 100 మైక్రోఫారడ్ పెట్టండి. అక్కడ సగం వోల్టేజి ఉంటుంది. ఐసీ నాలుగో కాలు గ్రౌండ్‌కు, ఎనిమిది ప్లస్‌కు. ఐదో కాలు, మూడో కాలి 100కె, ఈ రెండూ గ్రౌండ్‌కు బదులు ఆ మధ్య పాయింట్‌కు. మిగతాదంతా అలాగే. ఏడో కాలి తర్వాతి 10 మైక్రోఫారడ్‌కు ఇప్పుడు ప్లస్ కొన ఐసీ వైపు ఉండాలి. ఒకటో కాలి తర్వాతి దానికి రెండు వైపులా సగం వోల్టేజే కాబట్టి నాన్ పోలార్ వేస్తే గొడవ లేదు.

ఇంజన్ వేగంతోపాటు పెరిగే కీచు శబ్దం ఆల్టర్నేటర్‌ది. ప్లస్ దారిలో 47 ఓమ్స్, దాని తర్వాత గ్రౌండ్‌కు 470 మైక్రోఫారడ్ 25 వోల్ట్స్ వేస్తే చాలావరకు పోతుంది. ఒక్క సప్లై మీద ఐసీ ఊగడానికి చోటు సగమే ఉంటుంది కాబట్టి ఫోన్ వాల్యూమ్ మూడొంతులకు మించి పెట్టి బేస్ పెంచితే పాట చిరుగుతుంది. ఇక్కడ 22కెల బదులు 33కె, 223ల బదులు 153 వేసుకుంటే బేస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగుతుంది. అలా మార్చినప్పుడు ట్రెబుల్ వైపు 8.2కెలను కూడా 15కె చేయండి.